కారణం అడగని బల్ల

జనవరి 6

మంచు కింద పూడిపోయిన మనిషికి పైన తిరిగేవాళ్ళ మాటలు వినిపిస్తాయి. లోపల్నుంచి అతను ఎంత అరిచినా పైకి మాత్రం రాదు. ఏటా హెలికాప్టర్‌లో కొండెక్కి స్కీ చెయ్యడానికి మా బసకి వచ్చే అతిథులకి ఈ పాఠం చెప్పేది నేనే. మరి తను పూడిపోయిన రోజు నా మొగుడు రాస్‌కి ఏం వినిపించింది?

నాలుగు చలికాలాలుగా ఈ ప్రశ్న నాతోపాటే లేస్తోంది, నాతోపాటే పడుకుంటోంది. నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆ రోజు విరిగిన భుజం అతుక్కుంది. డాక్టరు సరేనన్నాడు. ఇన్నాళ్ళూ నాతో సామాను గదిలో కూర్చుని బూట్ల పట్టీలు బాగుచేసిన మనిషి ఈ ఏడు మళ్ళీ స్కీ గైడు. ఇవాళ తన బీకన్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"మేడమ్ గారూ, కాస్త పరీక్షించి పెడతారా?"

అతిథుల గొంతు పెట్టి అన్నాడు. నవ్వాను. ఛాతీకి కట్టుకునే ఆ చిన్న పెట్టె పూడిపోయినా కూస్తూనే ఉంటుంది, పైవాళ్ళ పెట్టెలు ఆ కూత పట్టుకుని వెతుక్కుంటూ వస్తాయి. అంతే దాని పని. అందరివీ చూసేది నేనే కాబట్టి అతనిదీ చూశాను. బాగానే ఉంది.

భోజనం అయ్యాక మళ్ళీ చూశాను. బాగానే ఉంది.

జనవరి 10

మొదటి వారం అతిథులు వచ్చారు. పొద్దంతా శిక్షణే. పార ఎలా విప్పాలి, పూడినవాళ్ళ కోసం కడ్డీ ఎలా గుచ్చాలి, మంచు జారితే పైకి తేల్చే గాలిసంచి తాడు ఏ చేత్తో లాగాలి. మా పైలట్ క్లోడెట్ హెలికాప్టర్ దగ్గర తన ప్రసంగం చేసింది. "వంగి రండి, మోకాళ్ళ మీద కూర్చోండి, నేను చెయ్యి ఊపేదాకా కదలకండి. స్కీలు భుజాన నిలువుగా పెట్టుకోకండి. మీ నెత్తి మీద తిరిగేది మీ ఇంట్లో పంకా కాదు." పదేళ్ళుగా అదే మాట. పదేళ్ళుగా నవ్వుతున్నారు.

తర్వాత ఒక్కొక్కరూ నా ముందు నుంచి నడిచి వెళ్ళాలి. నా పెట్టె వాళ్ళ కూత వినాలి. హాలిఫాక్స్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు ప్రెంటిస్ గారు రాగానే నా పెట్టె మీద బాణం గుర్తు తాగినవాడిలా ఊగడం మొదలుపెట్టింది.

"మీ ఒంటి మీద కరెంటుదేదో ఉంది సార్."

"నా గుండె తప్ప ఇంకేం లేదమ్మా."

క్లోడెట్ వెనక నుంచి, "ఆ గుండెకి బ్యాటరీ ఏ జేబులో పెడతారు సార్?" అంది.

కోటు విప్పితే లోపల వేడెక్కే బనీను. బీకన్‌కి సరిగ్గా కింద, తీగలతో. ఆయన కాస్త సిగ్గుపడి, "పుట్టినరోజుకి మా ఆవిడ కొనిచ్చింది, నాకు చలేస్తుందని" అన్నాడు.

"మీకు చలెయ్యకూడదనుకుంది సరే. మీరు దొరక్కూడదని కూడా అనుకుందేమో, ఓసారి ఫోన్ చేసి కనుక్కోండి."

ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వాడు. బనీను నా అలమరలో ఉంది. ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది.

జనవరి 11

పొద్దున గైడ్లు, పైలట్, మంచు చూసే నేను బల్ల దగ్గర కూర్చున్నాం. గైడ్ల పెద్ద టోబీ ఒక్కో వాలు పేరూ చదువుతాడు, దాని మీదికి ఎవరి గుంపు వెళ్తుందో చెప్తాడు. అందరం వరసగా "అవును" అనాలి. ఒక్కరు "వద్దు" అన్నా ఆ పేరు మీద ఎర్రగీత పడుతుంది, ఆ రోజుకి ఎవరూ అటు వెళ్ళరు. వద్దన్నవాళ్ళని కారణం అడగకూడదు. ఆ గదిలోనూ అడగకూడదు, బయటికి వచ్చాకా అడగకూడదు. ఈ బస కట్టిన పెద్దాయన పెట్టిన నియమం. కారణం దొరికేదాకా ఆగి నోరు మూసుకున్నవాళ్ళ వల్లే మనుషులు పోతారని ఆయన అనేవాడట.

మా తాతల ప్రార్థన సభల్లోనూ ఇలాగే ఉండేది. బల్ల మీద రొట్టె, ఉప్పు, నీళ్ళు పెట్టుకుని, అందరి మనసూ ఒకటయ్యేదాకా లేచేవాళ్ళు కాదు. ఇక్కడ రొట్టెకి బదులు కాఫీ జాడీ. మా అమ్మ వింటే, "దేవుడు లేని ప్రార్థన" అంటుంది.

టోబీ "గుర్రపు మెడ" అని చదివాడు. "రాస్ గుంపు."

వద్దన్నాను. రాత్రంతా గాలి అటే వీచింది. పైన మంచు గట్టి పలకలా కట్టి ఉంటుంది, అడుగు పడితే జారుతుంది. స్పష్టంగా తెలుస్తున్న సంగతే.

జనవరి 15

ఐదు రోజులుగా మబ్బు లేదు. లోయ నిండా పొగమంచు, మేము దానికి పైన. ద్వీపంలో ఉన్నట్టుంది. వాగు పక్కన నడిచి వెళ్ళాను. మంచు మీద చలికి ఈకల్లాంటి పలుకులు మొలిచాయి. వేలెడంత పొడుగు, ఒక్కోటి ఒక్కో గాజు రెక్క. గాలి తగిలితే పడిపోతాయని ఊపిరి పక్కకి వదిలాను. స్కీ వాటి మీదుగా పోతే ఎక్కడో దూరంగా గాజు గ్లాసులు కడుగుతున్నట్టు చప్పుడు.

ఇరవై ఏళ్ళ కిందట కాల్గరీలో వీటి మీదే నా సిద్ధాంత వ్యాసం. ఎలా మొలుస్తాయో, ఏ చలికి ఎంత పెరుగుతాయో అన్నీ తెలుసు. తెలిశాక కూడా చూస్తూ నిలబడిపోవడం ఆగలేదు.

ఇంత అందమైనదాని మీద కొత్త మంచు పడితే అది కింద అలాగే నిలబడి ఉంటుంది. పైన పరుపంత బరువు, కింద ఈకల కాళ్ళు. ఎవరో ఒకరు అడుగు వేసేదాకా.

జనవరి 18

మంచు మొదలైంది. పెద్ద పెద్ద రేకులు, తొందరలేనివి. ఈకలు పూడిపోయాయి. మంచు పొరలకి మేం పుట్టినరోజు పేరు పెట్టం, పూడిన రోజు పేరు పెడతాం. ఇక చలికాలమంతా దీన్ని "పద్దెనిమిది" అంటాం. "పద్దెనిమిది ఎలా ఉంది?" "ఇంకా నిద్రపోలేదు." ఇంట్లో చంటిపిల్ల ఉన్నట్టు మాట్లాడుకుంటాం.

జనవరి 22

"గుర్రపు మెడ" వద్దన్నాను. "పొగగొట్టం" వద్దన్నాను. పద్దెనిమిది ఇంకా పై మంచుతో అతుక్కోలేదు.

రాస్ చేతిలో ఉన్న కప్పు చుట్టూ వేళ్ళు తిప్పుకుంటూ కూర్చున్నాడు.

జనవరి 23

వద్దు.

జనవరి 25

కల. పొడుగాటి తెల్ల గది. గుమ్మం దగ్గర నేను పెట్టె పట్టుకుని నిలబడ్డాను. అందరూ ఒక్కొక్కరే దాటుతున్నారు, ఒక్కొక్కరూ ఒక్కో రకంగా కూస్తున్నారు. ప్రెంటిస్ గారు పిచ్చుకలా. క్లోడెట్ కెటిల్‌లా. మా అమ్మ కూడా వచ్చింది, ఏప్రన్ కట్టుకుని, పాత కీర్తన మొదటి చరణంలా. రాస్ వచ్చాడు. నా ముందు ఆగాడు. కూత లేదు. కనురెప్పల మీద గాజు ఈకలు మొలుస్తున్నాయి. "బాగానే ఉంది" అన్నాను. అతను దాటి వెళ్ళిపోయాడు.

లేచి చూస్తే పక్కనే పడుకుని ఉన్నాడు, బాగుపడిన భుజం మీద నా దుప్పటి కూడా లాక్కుని.

దీన్ని కారణం కింద లెక్కెయ్యకూడదు. వెయ్యను. "ఎండవైపు" వాలు ఇవాళ వద్దన్నది వేడి వల్ల. పైపొర మెత్తబడుతుంది.

జనవరి 29

టోబీ నన్ను బూట్లు ఆరబెట్టే గదికి పిలిచాడు. వేడిగా, తోలు వాసనగా ఉంటుందా గది. నలభై ఏళ్ళ కిందట టిరోల్ నుంచి వచ్చిన మనిషి. కోపం వస్తే ఇప్పటికీ ముందు తన భాషలో గొణుక్కుంటాడు. గొణుక్కున్నాడు.

"కారణం అడగడం లేదు లూషా. అడగకూడదని నాకూ తెలుసు."

"మరి?"

"మరేం లేదు. పద్దెనిమిది నీ మొగుడు వెళ్ళే వాలుల మీదే పడుకుందా, లేక మిగతా కొండల మీద కూడా ఉందా, ఆ ఒక్కటీ చెప్పు."

ఒళ్ళు మండిపోయింది. గాలి సంగతి చెప్పాను, వేడి సంగతి చెప్పాను, వాలు ఎంత నిటారుగా ఉందో చెప్పాను. ఆయన బూట్లు అటూ ఇటూ తిప్పుతూ మొత్తం విన్నాడు.

"పక్క శిఖరం మీద అదే గాలి, అదే వేడి. నేను వెళ్తుంటే అవునన్నావు. నేను పోయినా ఫర్వాలేదన్నమాట."

"టోబీ!"

"నవ్వులాటకి అన్నాలే." ఆయన నవ్వలేదు. "చూడు తల్లీ, ఒకరి వద్దు చౌకైపోతే అందరి వద్దూ చౌకైపోతుంది. రేపు నిజంగా వద్దనాల్సిన రోజున బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు లోపల్లోపల కళ్ళు తిప్పుకుంటారు. అది జరగనివ్వను. ఇంకోటి, రాస్‌కి వాలే మిగలడం లేదు. అతని గుంపు రోజూ మిగిలిపోయిన చోట్లకి వెళ్తోంది. ఇలాగే ఉంటే అతన్ని సామాను గదికి పంపాలి, లేదా నిన్ను బల్ల దగ్గర్నుంచి లేపాలి. రెండూ నాకు ఇష్టం లేవు."

తలుపు వేసి వచ్చేశాను.

ఆయన అన్నది అన్యాయం. నేను మంచు చదువుకున్నదాన్ని. నా ప్రతి వద్దు వెనకా కారణం ఉంది.

ఉంది. ప్రతిదాని వెనకా ఉంది. అదే నాకు ఇప్పుడు ఇబ్బందిగా ఉంది. వెతికితే ఏ వాలుకైనా ఒక కారణం దొరుకుతుంది. టోబీ వెళ్ళే వాటికి నేను వెతకలేదు.

జనవరి 30

"పొగగొట్టం", రాస్ గుంపు. గాలి లేదు, వేడి లేదు. అవును అందామని నోరు తెరిచాను. వద్దు అని వచ్చింది.

ఫిబ్రవరి 3

తుఫాను. వరసగా మూడో రోజూ హెలికాప్టర్ లేవలేదు. కిటికీలు తెల్లగా మూసుకుపోయాయి, పొద్దో సాయంత్రమో తెలియడం లేదు. అతిథులు పేకాడి, నిద్రపోయి, లేచి మళ్ళీ పేకాడుతున్నారు. అమ్మ చెప్పినట్టు బోర్ష్ సూప్ చేశాను, క్యాబేజీ, బంగాళాదుంపలు, బోలెడంత మీగడ, సోయికూర. ప్రెంటిస్ గారు వారం వారం పొడిగించుకుంటూ ఇంకా ఇక్కడే ఉన్నాడు. మూడు గిన్నెలు తాగి, "ఇది తాగాక ఆ బనీను ఎందుకూ పనికిరాదు" అన్నాడు.

మధ్యాహ్నం నేను, రాస్ సామాను గదిలో స్కీలకి మైనం పూస్తున్నాం. ఇస్త్రీపెట్టె కింద మైనం కరుగుతోంది. బయట మంచు, లోపల మైనం వాసన. మాట్లాడుకోనక్కర్లేని వేళ. నోటిలోంచి దానంతటదే వచ్చేసింది.

"ఆ రోజు నీకేం వినిపించింది?"

ఏ రోజని అడగలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు.

"నువ్వే వినిపించావు."

"ఏమన్నాను?"

"'ఎడమకి. ఇంకొంచెం ఎడమకి. ఆగు, అక్కడే.' అంతే."

"అంతేనా?"

"అంతే. మళ్ళీ మళ్ళీ అదే. గోడ మీద పటం తిన్నగా ఉందో లేదో చూసేటప్పుడు అంటావే, అదే గొంతు. నేను కదల్లేను, కళ్ళు తెరవలేను. కానీ అనుకున్నాను, 'లూషా పటం సరిచేస్తోంది, ఇంక నాకేం భయం' అని. నిద్ర వచ్చింది. నిజం చెప్తున్నా, హాయిగా ఉంది."

ఆ రోజు పైన పెట్టె పట్టుకుని వెతుకుతూ నేను అరిచాననుకున్నాను. ఏడ్చాననుకున్నాను. పూడిపోయిన మనిషి వినకూడని మాటేదో అనేశానని ఇన్నేళ్ళూ అనుకున్నాను. పటం.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. పైగా, ఏం చెప్పను? చావు దాకా వెళ్ళి వచ్చినవాడు ఏదైనా గొప్ప సంగతి చెప్పాలని అందరూ చూస్తారు. 'ఎడమకి' అంటే బాగుండదుగా."

మళ్ళీ పని మొదలుపెట్టాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"పొద్దున బల్ల దగ్గర నీ గొంతు వింటున్నాను. అది ఆ గొంతు కాదు."

"నేను కారణాలు..."

"కారణం అడగలేదు. అడగకూడదు కదా. గొంతు సంగతే చెప్తున్నా."

మైనం ఎక్కువై నేల మీద కారింది. గీకుతూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 4

ఇంకా కురుస్తోంది. ఎడమకి. ఇంకొంచెం ఎడమకి.

ఫిబ్రవరి 8

మబ్బు విడిచింది. కొండలన్నీ కొత్తగా ఊది పెట్టినట్టు, అంచుల్లేకుండా, మెత్తగా. చూస్తుంటే ఇంకా కల్లోనే ఉన్నామా అనిపిస్తుంది. అతిథులు గాజు తలుపుకి ముక్కులు ఆనించి, "ఈకల పరుపు, ఈకల పరుపు" అంటున్నారు. ఇక్కడి వాలులన్నిట్లోకీ పొడుగైనది, పాత గైడెవరో పెట్టిన పేరు. ఈ ఏడు ఇంకా తెరవలేదు.

టోబీ, రాస్, నేను వెళ్ళి పరుపు అంచున రెండు గుంటలు తవ్వాం. పద్దెనిమిది రెండిట్లోనూ కనిపించింది, సన్నని బూడిదరంగు గీత. మొదటి గుంటలో మంచు దిమ్మె మీద పార పెట్టి ఎంత కొట్టినా కదల్లేదు. రెండోదాంట్లో చివరి దెబ్బకి జారింది. నున్నగా, సొరుగు లాగినట్టు.

"ఒకటి అవునంది, ఒకటి కాదంది" అన్నాడు టోబీ. "మంచుకీ డాక్టరేట్ ఉన్నట్టుంది, తేల్చి చెప్పదు."

రాస్ జారిన ముక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చేతొడుగు తీసి దాని అడుగున వేళ్ళతో రుద్దాడు. చేతొడుగు మళ్ళీ తొడుక్కున్నాడు.

ఫిబ్రవరి 9

ఇది వరసగా రాయాలి. రాయకపోతే రేపటికి మార్చి గుర్తుపెట్టుకుంటాను.

టోబీ చదివాడు. "ఈకల పరుపు. రాస్ గుంపు."

నా వంతు మొదట వస్తుంది, కిటికీ వైపు కూర్చుంటాను కాబట్టి. అందరూ నన్ను చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నారు. క్లోడెట్ చక్కెర కలుపుతోంది. ఆమె కాఫీలో చక్కెర వేసుకోదు.

నాకు ఆ రెండు గుంటలూ కళ్ళ ముందున్నాయి. నిలబడినదీ, జారినదీ. నా చదువు చెప్పేది ఏమిటంటే, ఇలాంటి రోజున ఇద్దరు మంచి గైడ్లలో ఒకరు వెళ్తారు, ఒకరు వెళ్ళరు. ఇద్దరూ తప్పు కాదు.

"అవును" అన్నాను.

గొంతు బాగుంది. నాకే వినిపించింది, నిలకడగా, పటం సరిచేసే గొంతు. టోబీ తల పంకించి నా పక్కవాళ్ళ వైపు తిరిగాడు. వరసగా అవును, అవును. చివర రాస్.

"వద్దు."

టోబీ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. రాస్ ఈ ఏడు అన్న మొదటి వద్దు అది. తను వెళ్ళాల్సిన వాలు మీద, నెల రోజులుగా వచ్చిన అతిథులందరూ కలలు కన్న వాలు మీద. టోబీ ఎర్రగీత గీసి తర్వాతి పేరు చదివాడు.

అడవిలో మెత్తటి వాలు మీదికి వెళ్ళారు. ప్రెంటిస్ గారు సాయంత్రం గడ్డం నిండా మంచుతో వచ్చి, జీవితంలో ఇంత మంచి రోజు లేదన్నాడు. రాస్ భుజం నొక్కుకుంటూ నవ్వుతున్నాడు.

ఎందుకన్నావని అడగలేదు. అడగకూడదు. మొదటిసారి ఆ నియమం మీద నాకు కోపం వచ్చింది.

ఫిబ్రవరి 12

రెండు రోజులు మబ్బు దిగి కూర్చుంది, గాలి, కొత్త మంచు. ఇవాళ కాస్త తెరిపిచ్చింది. క్లోడెట్ ఇంధనం కోసం వెళ్ళొస్తూ ఈకల పరుపు మీదుగా వచ్చిందట.

"పైన మంచు తెగిన గీత ఒకటి కనిపించినట్టుంది. జారినట్టే ఉంది."

"జారిందా?"

"నీడ కూడా అయ్యుండొచ్చు. కొత్త మంచు కప్పేసింది లూషా. ప్రమాణం చెయ్యమంటే చెయ్యను." ఆగి, "నువ్వు ఏదనుకుంటే హాయిగా ఉంటుందో అదే అనుకో" అంది.

ఏదనుకుంటే హాయిగా ఉంటుందో తెలిస్తే కదా. జారిందంటే నా అవును అతన్ని చంపబోయింది. జారలేదంటే అతను నాకోసం వద్దన్నాడు.

ఫిబ్రవరి 17

టోబీ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రాస్ గైడుగానే ఉంటాడు. ఈ వారం రెండుసార్లు అతని వాలులకి అవునన్నాను, ఒకసారి వద్దన్నాను, ఒకసారి టోబీ వాలుకి వద్దన్నాను. టోబీ కనుబొమలు ఎగరేసి, "అమ్మయ్య, నా ప్రాణానికీ విలువొచ్చింది" అన్నాడు.

రాస్ సామాను గదిలో పక్కన కూర్చుని బూటు పట్టీ బిగిస్తుంటే అతని వేళ్ళు చూశాను. జారిన ముక్క అడుగున రుద్దిన వేళ్ళు. వాటికేదో తెలిసి ఉండాలి. లేదా ఆ పొద్దున నా గొంతు మరీ బాగుందని అనుమానం వచ్చి ఉండాలి. అడిగితే చెప్తాడేమో. అడిగితే ఆ బల్ల బల్లగా మిగలదు.

అతని సంగతి అతనిది. నా సంగతి రాసుకోవాలి. ఆ రోజు అవునన్నప్పుడు నేను వాలునే చూశానా, లేక నా పాత గొంతు ఇంకా ఉందని అతనికి వినిపించడానికి అతని ప్రాణం ఒడ్డానా? ఒక రోజు మొదటిదే నిజమనిపిస్తుంది, ఆ రోజు బాగా నిద్రపడుతుంది. మర్నాడు రెండోదనిపిస్తుంది. తొమ్మిదో తారీఖు నుంచి ఇంతవరకూ తేల్చుకోలేకపోయాను. తేల్చుకోగలననీ అనుకోవడం లేదు. రేపు పొద్దున టోబీ పేర్లు చదువుతాడు, కిటికీ వైపు నుంచి మొదలవుతుంది.